చిన్న జడ్పీ హైస్కూల్లో ఏడాది: పిల్లలు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఊళ్లో ఐదో తరగతి ముగించి హైస్కూలుకి వచ్చే పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ జూన్ నెలంతా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో వంద, నూట యాభై మంది పిల్లలుండే జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పాఠాలు చెప్పిన అనుభవంతో రాసిన జవాబులివి. సిలబస్ సంగతి క్లాసులో చూసుకుంటాం. ఇక్కడ ఎక్కువగా రాసింది ఆటలు, పోటీలు, సంబరాలు, ప్రయాణాల గురించి. ఇంట్లో వాళ్లకు తక్కువ తెలిసేవి అవే, "చదువు పాడవుతుంది" అని పిల్లల్ని ఆపేసేదీ వాటి దగ్గరే.

పిల్లలు తక్కువగా ఉన్న బడి కదా, మావాడు వెనకబడిపోడా?

ముందు లోటు చెబుతాను. చిన్న బడిలో సంగీతం టీచరు ఉండరు. డ్రాయింగ్ మాస్టారి పోస్టు చాలాచోట్ల లేదు. సైన్సు ల్యాబ్ అంటే రెండు బీరువాలు, ఒక పొడుగు బల్ల. ఒక సబ్జెక్టు టీచరు బదిలీ అయితే కొత్తవారు వచ్చేదాకా ఆ పీరియడ్లు ఇబ్బందిగానే నడుస్తాయి.

ఇక లాభం. ఎనిమిదో తరగతిలో పాతికమందే ఉంటే టీచరుకి వాళ్ల పేర్లే కాదు, ఎవరి నాన్న బోరు తవ్వే పనికి పొరుగు జిల్లాకి వెళ్లాడో, ఎవరింట్లో నాయనమ్మకి బాగాలేదో కూడా తెలిసి ఉంటుంది. కబడ్డీ జట్టుకి పన్నెండు మంది కావాలి. వందలమంది అబ్బాయిలున్న బడిలో ఆ పన్నెండు మందిలో చోటు దొరకడం కష్టం. ఇక్కడ ఆడతానన్న ప్రతివాడూ జట్టులో ఉంటాడు. ఆగస్టు 15న మాట్లాడాలన్నా, నాటికలో వేషం వేయాలన్నా, సైన్సు ఫెయిర్‌కి వెళ్లాలన్నా ఎవరో ఒకరు ముందుకు రాక తప్పదు. ఆ ఒకరు మీ పిల్లాడే అవుతాడు. తన వంతు తప్పకుండా వస్తుందని పిల్లలకి తెలిసి ఉండటం చిన్న బడి ఇచ్చే పెద్ద బలమని నేను గట్టిగా నమ్ముతాను. పోటీ తక్కువేమో అనే దిగులు అక్కర్లేదు. మండల స్థాయికి వెళ్లిన రోజు పోటీ అంటే ఏమిటో వాళ్లే చూస్తారు.

బడి ఎప్పుడు తెరుస్తారు? మొదట్లో ఏం తెచ్చుకోవాలి?

మామూలుగా జూన్ 12న తెరుస్తారు. పుస్తకాలు, నోటుపుస్తకాలు, బ్యాగు, యూనిఫాం బట్ట, బూట్లు, బెల్టు ప్రభుత్వం ఇచ్చే కిట్‌లోనే వస్తాయి. బూట్ల కొలతలు ముందే తీసుకుంటారు కాబట్టి ఆ రోజు పిల్లాడు బడిలో ఉండేలా చూడండి. యూనిఫాం కుట్టించేటప్పుడు లోపల మడత కాస్త ఎక్కువ పెట్టమని టైలర్‌కి చెప్పండి. ఆరు, ఏడు తరగతుల్లో పిల్లలు డిసెంబరుకే పొడుగైపోతారు.

మీరు తెచ్చుకోవాల్సినవి కాగితాలు. ఐదో తరగతి టీసీ, ఆధార్, తల్లి బ్యాంకు ఖాతా వివరాలు. పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు తల్లి ఖాతాలోనే పడుతుంది కాబట్టి ఆ ఖాతాకి ఆధార్ అనుసంధానం అయిందో లేదో బ్యాంకులో ఒకసారి అడిగి రండి. ఆ పథకానికి 75 శాతం హాజరు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, పేరు. ఆధార్‌లో ఒకలా, బడి రిజిస్టర్‌లో ఒకలా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఇంటిపేరు ముందా వెనకా, ఒక అక్షరం ఎక్కువా తక్కువా అనే చిన్న తేడాతో స్కాలర్‌షిప్ ఆగిపోయిన పిల్లల్ని చూశాను. పదో తరగతి మెమోలో పడ్డాక మార్చుకోవడం మరీ కష్టం.

పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయట. మాకు ఇంగ్లీషు రాదు, ఇంట్లో ఎలా చదివించాలి?

పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటుంది. మీరు తెలుగు పేజీ చదివించి, "ఇందులో ఏముందో నాకు చెప్పు" అని అడగండి. అది చాలు. రాత్రి అన్నాలయ్యాక పది నిమిషాలు అమ్మకి పాఠం చెప్పిన పిల్ల, మర్నాడు క్లాసులో చెయ్యెత్తుతుంది.

మా అమ్మాయికి ప్రార్థనలో మాట్లాడాలంటే భయం. మానిపించవచ్చా?

వద్దండి, దయచేసి. చిన్న బడిలో ప్రార్థన రోజూ జరిగే రంగస్థలం. ప్రతిజ్ఞ ఒకరు చెప్పిస్తారు, వార్తలు ఒకరు చదువుతారు, నేటి మంచిమాట ఒకరు, పద్యం ఒకరు, జీకే ప్రశ్న ఒకరు. పిల్లలు తక్కువ కాబట్టి నెల తిరిగేసరికి దాదాపు అందరికీ వంతు వస్తుంది. మొదటిసారి గొంతు వణుకుతుంది, కాగితం చూసి చదువుతుంది. దసరా నాటికి కాగితం మడిచి చేతిలో పెట్టుకుంటుంది. సంక్రాంతి తర్వాత కాగితమే తేదు.

భయపడే పిల్లలకి ముందు పద్యం ఇస్తాం. వేమన పద్యం నాలుగు పాదాలే, రాగం ఉంటుంది, నోటికి వచ్చి ఉంటుంది. ఆ తర్వాత వార్తలు. ఇంట్లో మీరు చేయాల్సింది ముందు రోజు సాయంత్రం ఒకసారి వినడం, అంతే. తప్పు చదివితే అక్కడే ఆపి సరిచేయకండి, పూర్తిగా చదవనివ్వండి.

ఇంకో మాట. దేశమంతా బడుల్లో చెప్పే ఆ ప్రతిజ్ఞని 1962లో తెలుగులో రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. నల్గొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టి, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా పనిచేస్తున్నప్పుడు రాశారు. ఇది చెప్పి ప్రతిజ్ఞ చేయిస్తే పిల్లలు నిలబడే తీరే మారుతుంది.

మధ్యాహ్నం భోజనం ఎలా ఉంటుంది? క్యారేజీ పంపాలా?

అక్కర్లేదు. ఆరు నుంచి పది వరకు అందరికీ బడిలోనే భోజనం. వారంలో ఐదు రోజులు గుడ్డు ఉంటుంది. మూడు రోజులు వేరుశనగ చిక్కీ, మిగతా మూడు రోజులు రాగిజావ ఇస్తారు. ఇప్పుడు ఈ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరుంది. గోదావరి లంకల్లో ఆకలని వచ్చినవాళ్లకి వేళ చూడకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె. పిల్లలకు ఆమె కథ ఒక్కసారైనా చెప్పాలి.

వంట చేసేది చాలావరకు ఊళ్లోని మహిళలే. చిన్న బడిలో వాళ్లకీ పిల్లలందరూ తెలుసు. ఎవరు కారం తినరో, ఎవరు గుడ్డు దాచి తమ్ముడికి పట్టుకెళతారో చెబుతారు. సాంబారు నీళ్లగా ఉందనో, అన్నం మెత్తబడిందనో పిల్లలు చెబితే ఇంట్లో కోప్పడి ఊరుకోకండి, హెడ్మాస్టర్‌కి చెప్పండి. ఏ రోజైనా వచ్చి పిల్లలతో కూర్చుని తిని చూడండి. అది మీ హక్కు.

వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్ర అన్నం తిన్నాకే వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే తిప్పుతుంది. ఆగస్టులో, ఫిబ్రవరిలో నులిపురుగుల మాత్ర ఇస్తారు. ఆ రోజు బడికి పంపడం మానకండి.

టీచర్స్ డేకి చీర కావాలని మా పాప గొడవ చేస్తోంది. ఏమిటిది?

సెప్టెంబర్ 5న స్వయం పరిపాలన దినోత్సవం చేస్తాం. ఆ రోజు పదో తరగతి పిల్లలే టీచర్లు. ఒకరు హెడ్మాస్టర్, ఒకరు ఎంఈఓ (మండల విద్యాధికారి), ఒకరు డీఈఓ (జిల్లా విద్యాధికారి), ఒకరు కలెక్టర్. అటెండర్ కూడా ఉంటారు, గంట కొట్టేది ఆ పిల్లాడే. అమ్మాయిలు అమ్మ చీర, అబ్బాయిలు నాన్న చొక్కా ఇన్‌షర్ట్ చేసుకుని వస్తారు. కొత్తది కొనాల్సిన పని అసలు లేదు. అమ్మ చీర కట్టుకు రావడమే ఆ రోజు అందం.

చూడటానికి వేడుకలా ఉంటుంది గానీ దీనికి నేను చాలా విలువిస్తాను. పాఠం చెప్పాలంటే వారం ముందు నుంచి తయారవ్వాలి. ఏ తరగతికి, ఏ పాఠం, బోర్డు మీద ఏం రాయాలి, ఏ ప్రశ్నలు అడగాలి, అన్నీ కాగితం మీద రాసుకుని సబ్జెక్టు టీచరుకి చూపిస్తారు. ఆరో తరగతి పిల్లలకి భిన్నాలు చెప్పడానికి నిలబడిన పదో తరగతి అబ్బాయికి, తనకి భిన్నాలు ఎంతవరకు వచ్చో ఆ పది నిమిషాల్లో తెలిసిపోతుంది. క్లాసులో అల్లరి చేసే పిల్లలు ఆ రోజు తమ ఎదుట అల్లరి చేసేవాళ్లని ఆపలేక గొంతు పోగొట్టుకుంటారు. మర్నాటి నుంచి నెమ్మదిస్తారు.

పెద్ద బడుల్లో పదో తరగతి నుంచి కొందరినే ఎంచుకుంటారు. మా దగ్గర పది చదివేవాళ్లే పాతిక, ముప్ఫైమంది కాబట్టి ప్రతి ఒక్కరికీ ఒక పీరియడో, ఒక పదవో వస్తుంది. మాట్లాడటం బొత్తిగా ఇష్టం లేని పిల్లకి హాజరు పట్టీలు, భోజనం లెక్కలు అప్పజెబుతాం. సాయంత్రం సభలో అనుభవాలు చెప్పమంటే ఆ పిల్లే అందరికంటే ఎక్కువ మాట్లాడిన ఏడాదీ ఉంది.

ఆటలు ఎప్పుడు మొదలవుతాయి? ఎస్‌జీఎఫ్ అంటే ఏమిటి?

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు. అండర్ 14, అండర్ 17 విభాగాలు హైస్కూలు పిల్లలవి. మండల స్థాయి నుంచి జిల్లా, రాష్ట్రం, ఆ తర్వాత జాతీయ స్థాయి దాకా ఉంటాయి. వానలు కురుస్తుండగానే మండల పోటీలు మొదలవుతాయి, కాబట్టి జూలై నుంచే సాధన చేయాలి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ మన ఊళ్ల బడుల బలం. గ్రౌండు చదును చేసి, సున్నంతో గీతలు గీసి, ఖోఖో స్తంభాలు పాతితే సాధనకి అంతే చాలు. పరుగు, లాంగ్‌జంప్, డిస్కస్ లాంటి అథ్లెటిక్స్‌కైతే జట్టు కూడా అక్కర్లేదు. ఒక్క పిల్ల ఉన్నా వెళ్లవచ్చు.

చిన్న బడి వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. జట్టుగా మనం మండలంలోనే ఓడిపోవచ్చు. కానీ బాగా ఆడిన పిల్లల్ని విడిగా ఎంపిక చేసి మండల జట్టులోకి, తర్వాత జిల్లా జట్టులోకి తీసుకుంటారు. అందుకే "మన జట్టు ఎలాగూ గెలవదు" అని పంపకపోవడం పెద్ద పొరపాటు. సెలక్షన్స్‌కి వెళ్లేటప్పుడు పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఆధార్, హెడ్మాస్టర్ సంతకం ఉన్న ఎంట్రీ ఫారం తప్పనిసరి. వయసు కాగితం లేక బాగా ఆడే పిల్లలు గట్టు మీద కూర్చోవాల్సి రావడం కంటే బాధ ఇంకోటి లేదు. ఈ కాగితాలు జూలైలోనే ఒక ఫైల్లో పెట్టి ఉంచండి.

ప్రయాణం గురించి అడుగుతుంటారు. పిల్లలతో ఆటలు నేర్పే పీఈటీ సార్ గానీ, వేరే టీచరు గానీ తప్పకుండా వెళతారు. అమ్మాయిల జట్టుతో మేడమ్ వెళతారు. సాయంత్రం ఆలస్యమైతే ఫోన్ చేస్తాం. ఇంట్లో మీరు చేయాల్సింది పొద్దున పిల్లకి కడుపునిండా తినిపించడం, నీళ్ల సీసా ఇవ్వడం. పోటీ రోజు ఉపవాసంతో పంపకండి.

పెద్దమనిషి అయింది, ఇంక ఆటలు ఎందుకు అంటున్నారు ఇంట్లో.

ఈ మాట ఏటా ఏదో ఒక ఇంటి నుంచి వస్తుంది. సాధారణంగా నాన్న అనరు, నాయనమ్మలో మేనత్తలో అంటారు. వాళ్లకి మర్యాదగానే చెబుదాం. ఆడటం వల్ల ఆరోగ్యానికి ఏ హానీ లేదు. కడుపు నొప్పిగా ఉన్న రోజు మేడమ్‌కి చెబితే విశ్రాంతి ఇస్తారు. నాప్కిన్లు బడిలో ఉంటాయి, అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. ఏడో తరగతిలో అందరికంటే వేగంగా పరిగెత్తిన పిల్ల తొమ్మిదిలో గోడ పక్కన నిలబడి చూస్తుంటే, ఆపేసింది శరీరం కాదు, మనమే. అమ్మా, ఒక్కసారి మీరు గ్రౌండుకి వచ్చి మీ అమ్మాయి ఆడుతుంటే చూడండి. ఆ తర్వాత మీరే నిర్ణయించండి.

సైన్సు ప్రాజెక్టులకి ఏమేం ఉంటాయి? డబ్బు బాగా ఖర్చవుతుందా?

ఖర్చు అవసరం లేదు, ఆలోచన కావాలి. ముఖ్యంగా మూడు ఉన్నాయి.

ఇన్‌స్పైర్ మనక్ కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నడిపేది. బడి నుంచి పిల్లల ఆలోచనలు ఆన్‌లైన్‌లో పంపుతాం. ఎంపికైతే నమూనా చేయడానికి 10,000 రూపాయలు పిల్లల ఖాతాలో వేస్తారు, జిల్లా ప్రదర్శనకి పిలుస్తారు. అందుకే పిల్లల పేరు మీద బ్యాంకు ఖాతా ఆరో తరగతిలోనే తెరిపించండి. బజార్లో దొరికే థర్మాకోల్ అగ్నిపర్వతం ఇక్కడ పనికిరాదు. మీ ఇంట్లో, పొలంలో రోజూ పడే ఇబ్బంది ఏదో అది కావాలి. కల్లంలో ధాన్యం మీద పట్టా కప్పేలోపే వాన పడిపోవడం, మోటారు వేయడానికి రాత్రి పొలం వెళ్లే నాన్నకి పాము భయం, గేదెల కొట్టంలో దోమలు, వంటగదిలో అమ్మకి అందని అటక. ఊరి పిల్లలకి ఇలాంటివి చుట్టూ కనిపిస్తాయి. ఒక నోటుబుక్కులో జూన్ నుంచి రాసుకుంటూ పోతే ఆగస్టుకి ఒక మంచి ఆలోచన తేలుతుంది. టీచరు చేసిపెట్టిన ప్రాజెక్టుని పట్టుకుని నిలబడే పిల్ల, జడ్జి రెండో ప్రశ్న అడగగానే తడబడుతుంది. తను అనుకుని తను కట్టిన పిల్ల, తీగ ఊడిపోయినా అక్కడే బిగించి చూపిస్తుంది.

జన విజ్ఞాన వేదిక జరిపే చెకుముకి సైన్స్ సంబరాలు ఎనిమిది, తొమ్మిది, పది తరగతులవి. బడి స్థాయిలో పరీక్ష, అందులోంచి ముగ్గురి జట్టు, ఆ పైన మండలం, జిల్లా, రాష్ట్రం. పిల్లలకి ఇది చాలా ఇష్టమైనది, ఎందుకంటే ముగ్గురూ కూర్చుని గుసగుసగా మాట్లాడుకుని జవాబు చెప్పవచ్చు.

జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ మూడోది. ఇది సర్వే చేసి రాసే పని. ఊరి చెరువు నీళ్లు, చేతిపంపులు, ఇళ్లలో చెత్త, ఏదైనా సరే ఇంటింటికీ తిరిగి లెక్క తీసి రాస్తారు. చిన్న ఊరు కాబట్టి మన పిల్లలు ఊరంతటినీ సర్వే చేయగలరు. పట్నం బడి పిల్లలకి ఆ వీలు లేదు.

ఎన్ఎంఎంఎస్ పరీక్ష రాయించాలా?

తప్పకుండా. ఇది కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్). ఎనిమిదో తరగతి పిల్లలకి నేను చెప్పే మొదటి మాట ఇదే. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షల లోపు ఉన్న ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలు రాయవచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకి 48,000. పరీక్షలో రీజనింగ్ 90 ప్రశ్నలు, ఏడు, ఎనిమిది తరగతుల లెక్కలు, సైన్సు, సోషల్ 90 ప్రశ్నలు. రీజనింగ్ మాత్రం విడిగా సాధన చేయాలి, క్లాసు పాఠాల్లో ఉండదు. రోజుకి పది ప్రశ్నలు జూలై నుంచి చేస్తే డిసెంబరుకి చెయ్యి తిరుగుతుంది.

సెలెక్ట్ అయ్యాక చాలామంది మరచిపోయేది రెన్యువల్. ఏటా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చేయాలి. ఇంటర్‌కి వేరే కాలేజీకి వెళ్లాక గుర్తుచేసేవాళ్లు ఉండరు. ఈ ఒక్క పని మీరు గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.

తుఫాను సెలవులతో రోజులు పోతే పాఠాలు ఎలా పూర్తవుతాయి?

రెండో శనివారాలు, కొన్ని ఆదివారాలు బడి పెట్టి సర్దుతారు. కోస్తాలో అక్టోబరు, నవంబరు నెలల్లో ఇది మామూలే. కలెక్టర్ గారు సెలవు ప్రకటించారో లేదో బడి వాట్సాప్ గ్రూపులోనే చూడండి, బయట తిరిగే మెసేజ్‌లు నమ్మకండి. వాగు దాటి వచ్చే పిల్లలు సెలవు ప్రకటించకపోయినా నీళ్లు ఎక్కువగా ఉంటే రావద్దు. హాజరు కంటే ప్రాణం ముఖ్యం, మాకు ఒక ఫోన్ చేస్తే చాలు.

పరీక్షలు ఎన్ని ఉంటాయి?

ఏడాదిలో నాలుగు చిన్నవి, రెండు పెద్దవి. పేర్లు మారుతూ వచ్చాయి గానీ ఊళ్లో అందరూ యూనిట్, హాఫ్ ఇయర్లీ, యాన్యువల్ అనే అంటారు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు మార్కులతో పాటు హాజరు గడి కూడా చూడండి.

సంక్రాంతి ముగ్గులు, వార్షికోత్సవం డాన్సులు, వీటికి బట్టలు అద్దెకి తేవాలా?

వద్దు. డ్రెస్సులు అద్దెకి తెప్పించే పద్ధతి నాకు నచ్చదు. డబ్బు ఇవ్వలేని పిల్ల ఆ పాటలోంచి మెల్లగా తప్పుకుంటుంది, కారణం కూడా చెప్పదు. కోలాటానికి లంగా ఓణీ, పంచె, ఇంట్లో ఉన్నవి చాలు. చెక్కభజన, హరికథ, బుర్రకథ ఊళ్లో తెలిసిన పెద్దలు ఎవరైనా ఉంటే నెల ముందు సాయంత్రాలు వచ్చి నేర్పిస్తే అంతకంటే మంచి కార్యక్రమం ఉండదు. ఆ పెద్దాయనకి వార్షికోత్సవం రోజు వేదిక మీద శాలువా కప్పడం మరచిపోకూడదు. తొమ్మిది, పది తరగతుల్లో బాగా పాడేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు ఉంటే కళా ఉత్సవ్ పోటీలకి పంపుతాం. 2015 నుంచి జరుగుతున్న ఈ పోటీలు జాతీయ స్థాయి దాకా ఉంటాయి.

సంక్రాంతి సెలవులకి ముందు ముగ్గుల పోటీలో అబ్బాయిలు కూడా వేస్తారు. చుక్కలు లెక్కపెట్టి పెట్టడం ఒక లెక్కల పాఠమే.

విహారయాత్రకి పంపాలంటే భయంగా ఉంది.

భయం సహజం. లిఖితపూర్వక అనుమతి లేకుండా ఏ పిల్లనీ తీసుకెళ్లం. ఆర్టీసీ బస్సు మాట్లాడుకుంటాం, ట్రాక్టర్లు, ఆటోల్లో కుక్కి తీసుకెళ్లడం ఉండదు. కృష్ణా, గుంటూరు వైపు బడులకి ఉండవల్లి గుహలు, అమరావతి మ్యూజియం, కొండపల్లి ఒక్కరోజులో అయిపోతాయి. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర చెక్కి, అతికించి, రంగు వేసేదాకా బొమ్మ ఎలా తయారవుతుందో పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. దూరం వెళ్లలేని ఏడాది ఊరి పోస్టాఫీసు, బ్యాంకు, రైతు సేవా కేంద్రం చూపిస్తాం. శనివారం నో బ్యాగ్ డే కాబట్టి ఇలాంటివి ఆ రోజే పెట్టుకుంటాం. ఫారం నింపి బ్యాంకులో డబ్బు వేయడం నేర్చుకున్న పిల్ల ఇంట్లో అందరికీ పనికొస్తుంది.

పదో తరగతిలో ఇవన్నీ మానేయాలి కదా?

జనవరి దాకా మానక్కర్లేదు. ఆ తర్వాత సమయం పరీక్షలదే. ఉదయం, సాయంత్రం స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు ఉంటాయి. ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. సైన్సులో భౌతికశాస్త్రం 50, జీవశాస్త్రం 50 వేర్వేరు రోజుల్లో రాస్తారు. హిందీలో 20 వస్తే పాస్, మిగతా వాటిలో 35. హిందీ అంటే భయపడే పిల్లలకి ఈ అంకె ముందే చెప్పండి, సగం టెన్షన్ పోతుంది.

చిన్న బడి పిల్లలకి పరీక్ష కేంద్రం తరచుగా వేరే ఊళ్లో పడుతుంది. తెలియని బడి, తెలియని ఇన్విజిలేటర్. అందుకే పరీక్షకి ముందే ఒకసారి తీసుకెళ్లి గేటు ఎక్కడ, నంబర్లు ఎక్కడ అంటిస్తారు, నీళ్లు ఎక్కడ అన్నీ చూపించండి. పరీక్షల రోజుల్లో హాల్‌టికెట్ చూపిస్తే ఆర్టీసీ బస్సులో ఉచితంగా వెళ్లవచ్చు. మార్చి 15 ప్రాంతంలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. చిన్న తరగతుల పిల్లలు మధ్యాహ్నం ఇంటికొచ్చి టీవీ పెద్దగా పెట్టకుండా చూడండి, ఇంట్లో పదో తరగతి పిల్ల ఉంటే.

ఆటలు మానేసిన పిల్లలకే మార్కులు ఎక్కువ వస్తాయన్నది నా అనుభవంలో నిజం కాదు. సాయంత్రం అరగంట వాలీబాల్ ఆడినవాడు రాత్రి స్టడీ అవర్‌లో తూగడు.

పది తర్వాత దారి ఏమిటి?

ఇంటర్ ఒక్కటే కాదు. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌కి వెళ్లవచ్చు, ఏపీఆర్‌జేసీ రాసి రెసిడెన్షియల్ కాలేజీకి వెళ్లవచ్చు, ఐటీఐ ఉంది. మంచి మార్కులొస్తే ట్రిపుల్ ఐటీ. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళంలో ఉన్న ఈ క్యాంపస్‌లలో పదో తరగతి మార్కుల మీదే సీటు ఇస్తారు. ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకి 4 శాతం అదనంగా కలుపుతారు. మన బడిలో చదివినందుకు నేరుగా దక్కే లాభమిది. టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఫలితాలకి ముందే సిద్ధం చేసుకోండి.

మేం హైదరాబాద్ నుంచి ఊరికి వచ్చేశాం. మధ్యలో చేర్చుకుంటారా?

చేర్చుకుంటాం. అక్కడ బతుకమ్మ ఆడిన పిల్ల ఇక్కడ పిల్లలకి నేర్పిస్తే అందరికీ ఆనందం. పదో తరగతి మాత్రం మధ్యలో మార్చకండి. రెండు రాష్ట్రాల బోర్డులు, పుస్తకాలు, మార్కుల పద్ధతి వేరు. తొమ్మిది అయ్యాక జూన్‌లో మారితే ఇబ్బంది తక్కువ.

తల్లిదండ్రులుగా మేం ఏం చేయగలం? మాకు చదువు రాదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. చదువు రావాలని ఎక్కడా లేదు. సమావేశానికి వచ్చి తాగునీళ్లు, మరుగుదొడ్లు, భోజనం గురించి అడగండి. రాష్ట్రమంతా ఒకే రోజు జరిపే మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ 2024 డిసెంబర్ 7న మొదలైంది. ఆ రోజు కూలి పోతుందని నాకు తెలుసు, అయినా ఇంట్లో ఒక్కరైనా రండి. పిల్లలు పొద్దుటి నుంచి గేటు వైపే చూస్తుంటారు.

నేను ఇదే బడిలో చదివాను. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను, ఏం ఇవ్వాలి?

ముందు హెడ్మాస్టర్‌తో మాట్లాడండి, ఏం కావాలో అడగండి. ఫ్యాన్లు, కుర్చీలు ఇచ్చేవాళ్లు ఉన్నారు. వాలీబాల్ నెట్టు, ఖోఖో స్తంభాలు, లైబ్రరీకి తెలుగు కథల పుస్తకాలు, పోటీలకి వెళ్లే పిల్లల బస్సు చార్జీలు, వీటికి సాయం అరుదు. డబ్బు ఇస్తే రసీదు తీసుకోండి. అన్నిటికంటే మీరు ఒక శనివారం రండి. మీరు చేసే పని ఏమిటో, ఈ బెంచీ మీద నుంచి అక్కడికి ఎలా వెళ్లారో పిల్లలకి చెప్పండి. లారీ తోలినా, బెంగళూరులో కంప్యూటర్ పని చేసినా, గల్ఫ్‌లో ఎలక్ట్రీషియన్ అయినా సరే. ఒక గంట చాలు. మీరు రావడానికి వారం ముందు చెబితే, ఏ తరగతి పిల్లలు మిమ్మల్ని ఏ ప్రశ్నలు అడగాలో రాసి పెట్టుకుంటారు.